నిండు ఊపిరి

ఆసుపత్రి కింది అంతస్తులో, స్కానింగ్ గదిలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆ టెక్నీషియన్‌ను అందరూ ఊపిరక్క అంటారు. స్కాన్‌కు ముందు ప్రతి రోగినీ పక్కన కూర్చోబెట్టుకుని, తానూ ఊపిరి బిగబట్టి సాధన చేయించడం ఆమె పద్ధతి. ఆ రోజు మాత్రం రోగుల వరుస గది తలుపు దాటింది. రాళ్లకు మెరుగుపెట్టే పెద్దాయన వంతు వచ్చేసరికి సాధన మానేసి, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో చెప్పే పనిని యంత్రంలోని రికార్డు గొంతుకు వదిలేసింది.

ఊపిరితిత్తులు మచ్చకట్టి బిగుసుకుపోయే జబ్బు ఆయనది. కొత్త మందు ఆ మచ్చలను ఆపుతోందో లేదో తేల్చే పరిశోధనలో ఏడాదిగా ఉన్నాడు. తెరపై నిరుటి బొమ్మ పక్కన కొత్తది చేరింది. అడుగుభాగమంతా తెల్లగా కమ్ముకుని ఉంది.

"మందు పనిచేయలేదన్నమాట. ఇక ఆపేద్దాం," అన్నాడు డాక్టరు.

ఊపిరక్క తెర దగ్గరికి వంగింది. ఆమె చూపు ఊపిరితిత్తుల కింది అంచు దగ్గర ఆగింది. నిరుడు దిగినంత కిందికి అది ఈసారి దిగనేలేదు.

"ఒక్క నిమిషం సార్. ఆయన నిండుగా పీల్చలేదు; గాలి నిండని చోటు ముడుచుకుని తెల్లగానే పడుతుంది. తప్పు నాదే, సాధన చేయించలేదు."

ఆమె వెళ్లేసరికి బయట బల్ల మీద పెద్దాయన, ఆయన భార్య కూర్చుని ఉన్నారు.

"పెదనాన్నా, ఇందాక గాలి ఎలా పీల్చారో చూపించండి."

ఆయన ముక్కుతో చిటికెడు గాలి లాగి పెదవులు బిగించాడు.

"అంతేనా?"

"ఇంకా లాగితే రాతిపొడి లోపలికి పోదూ? ముప్పై ఏళ్ల అలవాటమ్మా."

"ఇక్కడ రాయేది, పొడేది?" అంది భార్య. "నన్ను తిట్టబోయే ముందు ఎంత పీలుస్తారు! ఇప్పుడూ అంత పీల్చండి."

"అంత పీలిస్తే తిట్టకుండా ఆగలేనే!"

"స్కానయ్యాక తిట్టుకోండి," అంది భార్య.

ఆయన నవ్వు దగ్గులోకి మారింది. అది సద్దుమణిగేదాకా ఊపిరక్క వీపు నిమిరింది. తర్వాత ఆమె, పెద్దాయన కలిసి అయిదుసార్లు సాధన చేశారు.

డాక్టరు మరొక్క స్కాన్‌కు ఒప్పుకున్నాడు. ఆమె రికార్డు గొంతును ఆపేసి మైకు ముందు కూర్చుంది. "నెమ్మదిగా పీల్చండి... పెద్దమ్మ ఎదురుగా ఉందనుకోండి... ఇంకొంచెం. ఆపండి. ఇక వదిలేయండి పెదనాన్నా."

ఈసారి ఆ తెల్లదనం చాలావరకు విడిపోయింది. మచ్చలు పోలేదు; నిరుడు ఎంత మేర ఉన్నాయో అంత మేరే ఉన్నాయి. డాక్టరు రెండు బొమ్మలనూ మళ్లీ మళ్లీ కొలిచి, బయటికి వచ్చి, మందు కొనసాగిద్దామని తానే చెప్పాడు.

పెద్దాయన భార్య వైపు తిరిగాడు. "ఇప్పుడు తిట్టనా?"

"కానివ్వండి."

ఆయన గుండెల నిండా గాలి పీల్చాడు. తీరా ఒక్క తిట్టూ గుర్తు రాలేదు.