ముందు సీటు మీద కర్చీఫ్

నాకు బస్సు పడదు. కారు కూడా పడదు గానీ, ముందు సీటులో కూర్చుని ఎదురుగా ఉన్న రోడ్డు మీదే చూపు నిలిపితే ఎలాగో గట్టెక్కుతాను. వెనక కూర్చున్నానంటే రెండో మలుపుకు కళ్లు మూసుకోవాలి, మూడో మలుపుకు సంచీ తెరవాలి. మావారు నడిపితే ముందు సీటు కూడా పనిచేయదు. ఆయన బ్రేకు కాలితో వేయరు, కోపంతో వేస్తారు.

అందుకే న్యూజిలాండ్‌లోని జాన్సన్‌విల్‌లో సెటిలై తొమ్మిదేళ్లయినా, అందరూ నోరారా పొగిడే దక్షిణ దీవి పశ్చిమ తీరాన్ని 2016 దాకా నేను చూడలేదు. వెళ్లలేదని కాదు. అంతకుముందు ఒకసారి కారులో వెళ్లాం. మావారు చూశారు, మా అమ్మాయి చూసింది, ఫోటోల్లో నేనూ ఉన్నాను. కానీ ఏ ఫోటోలోనూ నా కళ్లు తెరిచి లేవు.

ఆ ఏడాది మావారు ఒక టూరు కరపత్రం తెచ్చారు. పన్నెండు మంది పట్టే చిన్న బస్సు, మూడు రోజులు, క్వీన్స్‌టౌన్ నుంచి పైకి తీరం వెంబడి ప్రయాణం. "ఐర్లండ్‌ను తలపించే తీరసీమ" అని దాని మీద రాసుంది. న్యూజిలాండ్‌లో డబ్బు కట్టించుకుని ఐర్లండ్‌ను తలపించడమేమిటని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మావారు "అన్నీ తప్పులే నీకు" అన్నారు. సరే, బుకింగ్ ఫారంలో 'ఇతర వివరాలు' అన్న గడిలో, ఎడమవైపు ముందు సీటు నాకు తప్పనిసరి అని రాశాను. ఉత్తరానికి వెళ్తుంటే సముద్రం ఎడమవైపు ఉంటుంది, అది కూడా మ్యాపు చూసి కనుక్కున్నాను. "థాంక్స్, నోటెడ్" అని జవాబు వచ్చింది. ఆ ఈమెయిల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ దేశంలో 'నోటెడ్' అంటే చదివాం, మర్చిపోయాం అని అర్థమని నాకు అప్పటికింకా తెలియదు.

అయినా నేను మాట మీదే ఆధారపడే మనిషిని కాను. మొదటి రోజు పొద్దున మావారు మోటెల్‌లో టోస్టు తింటుండగా నేను బయటికి వచ్చాను. బస్సు నిలబడి ఉంది, తలుపు వేసి ఉంది, ముందు కిటికీ జానెడు తెరిచి ఉంది. చుట్టూ చూసి, మునివేళ్ల మీద లేచి, కిటికీలోంచి నా కర్చీఫ్ లోపలికి వేశాను. సరిగ్గా సీటు మధ్యలో పడింది. మా ఊరి బస్టాండులో మా అమ్మ కదులుతున్న ఎర్రబస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి మూడు సీట్లు ఆపేది. ఆవిడ చూసి ఉంటే మెచ్చుకునేది.

తిరిగొచ్చి స్థిమితంగా కాఫీ తాగాను. ఎనిమిదింటికి బస్సెక్కితే నా సీటులో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గర పడిన కీవీ ఆవిడ, అంటే ఈ దేశం మనిషే. ఏదో చిన్న ఊళ్లో లైబ్రరీలో పనిచేసి రిటైరయిందట. నా కర్చీఫ్‌ను నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది.

"ఇది ఎవరో పారేసుకున్నట్టున్నారు," అంది నవ్వుతూ.

"పారేసుకోలేదు. అది నాది. ఆ సీటు నాది," అన్నాను.

"ఈ సీటులో నీ కర్చీఫ్ ఎలా వచ్చింది, డియర్?"

"నేనే వేశాను."

ఆవిడకు అర్థం కాలేదు. డ్రైవర్ లేచి వచ్చాడు. ఆయన ఐర్లండ్ మనిషి. అక్కడి పశ్చిమ తీరంలో పుట్టి, ఇక్కడికి వచ్చి పదిహేనేళ్లయిందట. ఎర్రటి మొహం, నెత్తిన ఎప్పుడూ తీయని టోపీ. చేతిలో ఒక చార్టు. ఆరు వరుసలు, ఎవరెక్కడ అన్నది రాసి ఉంది. మాది ఐదో వరుస.

నేను ఊరుకోలేదు. పన్నెండు మందికీ వినపడేలా చెప్పాను. "మా దేశంలో సీటు మీద కర్చీఫ్ పడిందంటే అది సంతకం పెట్టిన కాగితంతో సమానం. బస్సు కిక్కిరిసి ఉన్నా, మనుషులు తలుపు పట్టుకుని వేలాడుతున్నా, ఆ కర్చీఫ్‌ను పోలీసు కూడా ముట్టుకోడు. వేసినవాళ్లు వచ్చేదాకా ఆ సీటు ఖాళీగా ఉంటుంది. అది చట్టం."

"ఎంత అందమైన చట్టం!" అంది ముసలావిడ, సీటులోంచి కదలకుండా.

"నా బస్సులో చట్టం వేరమ్మా," అన్నాడు డ్రైవర్. "రోజూ పొద్దున అందరూ రెండు వరుసలు ముందుకు జరుగుతారు. ముందు రెండు వరుసలవాళ్లు వెనక్కి వెళ్తారు. మీకు మూడో రోజు ముందు సీటు వస్తుంది."

"నాకు బస్సు పడదు. ఫారంలో రాశాను. నోటెడ్ అన్నారు."

"పోయిన టూరులో ఐదుగురికి బస్సు పడలేదు," అన్నాడాయన. "ఐదుగురికీ ముందు సీటే కావాలి. నాకున్నవేమో రెండు జతలు. అందుకే ఈ చార్టు." అని జేబులోంచి అల్లం బిస్కెట్ల పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. నా వ్యాధికి ఆ కంపెనీ ఇచ్చిన పరిష్కారం అదీ.

మావారు నా మోచెయ్యి పట్టుకుని, "అడ్జస్ట్ అవుదాం, పద," అన్నారు. ఆ 'అవుదాం'లో ఆయన ఏమి అడ్జస్ట్ అయ్యారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయనకు బస్సు తల్లి ఒడి లాంటిది. ఎక్కితే చాలు, నిద్రపోతారు.

మొదటి రోజు కనుమ దాటాం. జలపాతాలు ఉన్నాయట, నీలంగా నది ఉందట. నేను అవన్నీ చెవులతోనే చూశాను. మైకులో డ్రైవర్ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఎడమవైపు చూడండి, అచ్చం మా ఊరి కొండలాగే ఉంటుంది. కుడివైపు చూడండి, మా మేనత్త ఇంటి వెనక వాగు ఇలాగే పారేది." న్యూజిలాండ్ చూడలేకపోతున్నానని నేను కళ్లు మూసుకుని ఏడుస్తుంటే, చూసేవాళ్లకు ఈయన ఐర్లండ్ చూపిస్తున్నాడు.

రెండో రోజు మూడో వరుస. అది కొంచెం నయం. కళ్లు అప్పుడప్పుడూ తెరిచాను. ముందు కూర్చున్న ఆయన చెవులు చూశాను, పెద్దవి. ముసలావిడ వెనక ఐదో వరుసకు వెళ్లింది. ప్రతి మజిలీలోనూ దిగగానే నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడెలా ఉంది, డియర్? ఆ కర్చీఫ్ చట్టం గురించి ఇంకొంచెం చెప్పు," అనేది. సీటు లాక్కున్న మనిషి కుశల ప్రశ్నలు వేస్తే ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. అయినా అడిగినదానికి చెప్పకపోతే బాగుండదని చెప్పాను. తువ్వాలైతే రెండు సీట్లకు చెల్లుతుందనీ, న్యూస్‌పేపరు గాలికి ఎగురుతుంది కనక బలహీనమైన హక్కనీ, చంటిపిల్లను కూర్చోబెడితే అది అన్నిటికన్నా గట్టిదనీ వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని తల ఊపింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆ రాత్రి హోకిటికాలో బస. మర్నాడే తీరం వెంబడి అసలు దారి. గ్రేమౌత్ దాటాక, కొండకూ సముద్రానికీ మధ్య రోడ్డు తాడులా సాగుతుందని, ఈ ప్రయాణం మొత్తానికి ప్రాణం అదేనని డ్రైవరే చెప్పాడు. ముందు సీటు నాది. చార్టులో రాసుంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ తీరం కళ్లు తెరిచి చూడబోతున్నాను. ఆ రాత్రి మావారితో కూడా మంచిగా మాట్లాడాను.

పొద్దున్నే అందరికన్నా ముందు బస్సెక్కాను. ముందు సీటు మీద, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, గిన్నెలు తుడుచుకునే టీ టవల్, కీవీ పిట్టల బొమ్మలున్నది, కొత్తది, పరిచి ఉంది. ధర చీటీ కూడా తీయలేదు.

వెనకే ముసలావిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ ఎక్కింది.

"గుడ్ మార్నింగ్, డియర్. రాత్రే డ్రైవర్‌ను అడిగి తలుపు తీయించుకుని వేశాను. ఏదో మర్చిపోయానని అబద్ధమాడాను. తువ్వాలైతే రెండు సీట్లకు చెల్లుతుందన్నావుగా?"

డ్రైవర్ సీటు మీదున్న చార్టు వైపు వేలు చూపించాను.

"ఈ రోజు ఈ సీటు మాది. చార్టు చూడండి," అన్నాను.

"చార్టా?" డ్రైవర్ అప్పుడే ఎక్కుతూ విన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "మొన్న కర్చీఫే చట్టమన్నారు కదమ్మా. పోలీసు కూడా ముట్టుకోడన్నారు. నన్ను ముట్టుకోమంటారా ఇప్పుడు?"

ఆయన వెనకే ఎక్కుతున్నవాళ్లంతా నవ్వారు. మావారు కూడా నవ్వారు. అది నేను గుర్తుంచుకున్నాను.

"మీరు ఈ సీటులో ఒక రోజు కూర్చున్నారు కదా," అన్నాను ముసలావిడతో.

"కూర్చున్నాను. కానీ ఆ రోజు కొండలు. నాకు కావలసింది సముద్రం. ఇరవై ఏళ్ల కిందట ఈ దారిలో మా ఆయన నడిపాడు. ఆయన పక్కన కూర్చుని నేను మ్యాపు చదువుతూనే ఉన్నాను, తల ఎత్తితే దారి తప్పుతామని. సముద్రం చూడలేదు."

నాకు ఒళ్లు మండింది. దెబ్బలాడదామనుకున్న మనిషికి నా కష్టమే ఉంటే ఇక దెబ్బలాడేదేముంది? అయినా నా హక్కు నేను వదలలేదు. "చార్టు ప్రకారం ఒక సీటు నాది, తువ్వాలు ప్రకారం ఒక సీటు మీది," అని తీర్పు చెప్పి కిటికీ వైపు కూర్చున్నాను. ఆవిడ పక్కన కూర్చుంది. మావారు మూడో వరుసకు వెళ్లి, సీటు బెల్టు పెట్టుకునే లోపే నిద్రపోయారు.

గ్రేమౌత్ దాటాం. కళ్లు తెరిచే ఉన్నాయి. కడుపు కుదురుగా ఉంది. బయట పొగమంచు.

మంచంటే అలా ఇలా కాదు. ఉతికిన దుప్పటి అద్దానికి కట్టినట్టుంది. రోడ్డు మీద తెల్లగీత తప్ప ఏమీ లేదు. డ్రైవర్ మాత్రం మైకు వదల్లేదు. "ఎడమవైపు అద్భుతమైన రాళ్లు ఉన్నాయి. మీరు నమ్మాలి. ఇది అచ్చం మా ఊరే, మా ఊళ్లో కూడా ఏమీ కనపడదు."

ముసలావిడ, నేను ముక్కులు అద్దానికి ఆనించి ఆ తెలుపులోకి చూస్తూ కూర్చున్నాం. దారి అయిపోతోంది. మేం లంచ్‌కు ఆగాల్సిన పునకైకి ఊరికి ఇంకో ఐదు నిమిషాలుందనగా, ఎవరో లాగేసినట్టు మంచు తొలగిపోయింది. అప్పటికి రోడ్డు చెట్ల మధ్యకు తిరిగింది.

"బస్సు వెనక్కి తిప్పండి," అన్నాను.

"ఏంటీ?"

"వెనక్కి. ఒక పావుగంట. మళ్లీ వద్దాం."

"అమ్మా, పన్నెండున్నరకు లంచ్ చెప్పాను. పన్నెండు మందికి సూపు వడ్డించి పెడతారు."

"కరపత్రంలో సూపు లేదు. సముద్ర తీరం ఉంది."

"అందరూ ఒప్పుకుంటే తిప్పుతాను," అన్నాడు, ఒప్పుకోరన్న ధీమాతో.

ఇక్కడ ఆయన పదిహేనేళ్లున్నా నేర్చుకోనిది నేను తొమ్మిదేళ్లలో నేర్చుకున్నాను. కీవీల మొహం మీద అడిగితే వాళ్లు కాదనరు. ఇల్లు తగలబెట్టనా అని మర్యాదగా అడిగినా పరవాలేదంటారు, తర్వాత ఇంటికెళ్లి తిట్టుకుంటారు. నేను లేచి నిలబడి వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగాను.

"మీకేమైనా అభ్యంతరమా?"

"నో వర్రీస్."

"మీకు?"

"నో, నో. ఆల్ గుడ్."

పెద్ద చెవులాయన తన వాచీ చూసుకుని, మింగలేక మింగి, "షీ'ల్ బి రైట్," అన్నాడు, అంటే ఏం పరవాలేదని. మావారిని లేపి అడిగాను. "ఎక్కడున్నాం?" అన్నారు. దాన్ని సమ్మతి కింద తీసుకున్నాను.

డ్రైవర్ బస్సు తిప్పాడు. తిప్పుతూ ఐరిష్ భాషలో ఏదో అన్నాడు. దాని అర్థం నేను అడగలేదు.

వెనక్కి వెళ్తుంటే సముద్రం కుడివైపుకు వచ్చింది, అంటే డ్రైవర్ వైపుకు. అది నేను మ్యాపులో లెక్క వేయలేదు. సముద్రానికీ మాకూ మధ్య ఆయన తల, ఆ తల మీద టోపీ.

"టోపీ తీయండి," అన్నాను.

"ఇంకేమైనా తీయాలా?"

"ప్రస్తుతానికి టోపీ చాలు," అంది ముసలావిడ.

తీశాడు. బట్టతల. పావుగంట తర్వాత రోడ్డు పక్క ఖాళీ జాగా చూసి మళ్లీ ఉత్తరానికి తిప్పాడు. సముద్రం ఎడమవైపుకు వచ్చింది.

కిటికీ కిందే ఉంది. రోడ్డు అంచు, గుబురు పొదలు, ఆ తర్వాత ఇక నీళ్లే. నల్లటి రాళ్ల మీద అలలు విరిగి, పాలు పొంగి పొయ్యి మీద పడ్డట్టు చిందుతున్నాయి. కొండ వైపు, తలకిందులుగా నిలబెట్టిన చీపుళ్లలా, వక్క చెట్ల లాంటి నికావు చెట్లు. ప్రతి మలుపుకూ కడుపు గట్టిగా పట్టుకున్నాను గానీ, కళ్లు మూయలేదు. ముసలావిడ కర్ర మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది. డ్రైవర్ మైకు కట్టేశాడు. అలిగి కట్టేశాడు, అయినా ఆ మేలు మేలే.

పునకైకిలో హోటల్‌కు చేరేసరికి ఒంటిగంట దాటింది. గుమ్మడికాయ సూపు మీద మీగడ కట్టింది. చిప్స్ మెత్తబడిపోయాయి. నో వర్రీస్ అన్న తొమ్మిది మంది మొహాలూ నా వైపే తిరిగాయి. మావారు గొంతు తగ్గించి, "అందరూ మనల్నే చూస్తున్నారు," అన్నారు.

"సూపు చల్లారిపోయింది," అని నేను వడ్డించే అమ్మాయికి గట్టిగా చెప్పాను.

"నువ్వు కంప్లెయింట్ చేయకూడదే! చల్లార్చింది నువ్వు," అన్నారు మావారు.

"ఎవరు చల్లార్చినా చల్లారిన సూపు చల్లారినదే. వేడి చేసి ఇవ్వడం వాళ్ల పని."

ఆ అమ్మాయి వేడి చేసి తెచ్చింది, ఒక్క నాకే. గిన్నె ఖాళీ చేశాను. రెండు బ్రెడ్డు ముక్కలు తిన్నాను. మావారి చిప్స్ ఆయన వద్దన్నట్టు కనిపించినందున నా వైపుకు జరుపుకున్నాను. ముసలావిడ అడగకుండానే తన ప్లేటు కూడా ఇటు తోసింది.

"ఏంటే ఇది, బస్సు దిగి ఇంత తినడం నేనెప్పుడూ చూడలేదు," అన్నారు మావారు.

నేనూ చూడలేదు. బస్సు దిగాక ఆకలేయడం నాకు అదే మొదటిసారి. ఉప్పు మాత్రం తక్కువైంది. ఆ మాట ఫీడ్‌బ్యాక్ ఫారంలో మొదటి వాక్యంగా రాశాను.