దిక్కులు చూసే చుక్క

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ‘దిక్కులు’ అంటారు. అది పెట్టిన పేరు కాదు, సంపాదించుకున్న పేరు. చేతిలో పానా ఉంటుంది, మనిషి మాత్రం దారి మధ్యలో ఆగిపోయి పైకప్పు అద్దాల వైపు చూస్తుంటాడు. ఆయన భార్య బతికున్నప్పుడు ఆ అద్దాల కిందే, ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసేది. ఇప్పుడక్కడ ఉత్త ఎండ పడుతుంది.

ఆయన చెల్లెలు పనిచేసేదీ అదే ఫ్యాక్టరీలో. అక్కడికి సరుకు మోసే, డ్రైవర్లు లేని బండ్లు రాబోతున్నాయి. అవి నేలమీదికి దిగకముందే కంప్యూటర్లో తిప్పి చూడటం ఆమె పని. తెరమీద నీలం చుక్కలు బండ్లు, ఎర్రచుక్కలు మనుషులు. నీలం చుక్క తన దారి తనే వెతుక్కుంటుంది, ఎర్రచుక్క ఎదురైతే ఒదిగిపోతుంది. చూస్తూ కూర్చుంటే మెలకువలో ఉన్నామో నిద్రలో ఉన్నామో తెలియదు.

ఓ మధ్యాహ్నం ఆమెకు ఒకటి తట్టింది. ఎర్రచుక్కలన్నీ బుద్ధిమంతుల్లా ఆగకుండా నడుస్తున్నాయి. ‘మనిషి ఈపాటికి దాటేసుంటాడు’ అనుకుని బండ్లూ వచ్చేస్తున్నాయి. దాటనివాడు ఒకడున్నాడు కదా! ఒక ఎర్రచుక్కను ఊరికే ఆగేలా చేసి చూసింది. నీలం చుక్క దాని మీంచే వెళ్ళిపోయింది. ఆమె లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

అది చూపిస్తే ఫోర్‌మన్ పెదవి విరిచాడు. “దారికడ్డంగా ఎవరమ్మా ఇలా నిలబడేది?”

“మా అన్నయ్య.”

“అయితే గోడౌన్‌కి పంపించేద్దాం. పీడా పోతుంది.”

“ఆ కాస్త ఎండ చూసుకునే బతుకుతున్నాడు సార్. అదీ లాగేసుకుంటామా? బండికే నేర్పిస్తాను.”

“ట్రయల్ దాకా చూస్తా. బండి తడబడిందా, ఆయన గోడౌన్‌కే.”

ఇక ఆమెకు అదే లోకమైంది. మనిషి దాటుతాడని బండి నమ్మకూడదు. ఆగాలి, చూడాలి, మనిషి కదలకపోతే వేరే దారి వెతుక్కోవాలి. ఆ తిరగడంలో పక్క బండికి తగలకూడదు. కలలోనూ చుక్కలే. ఒక కలలో ఆగిన ఎర్రచుక్క పక్కన ఇంకో ఎర్రచుక్క వచ్చి నిలబడింది. అది వదినేనని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ట్రయల్ రోజు బండ్లు చప్పుడు లేకుండా బయల్దేరాయి. అద్దాల్లోంచి ఎండ దిగింది. అన్నయ్య ఆగిపోయాడు. ఒక బండి వచ్చి ఆయన వెనకాల నిలబడింది, కాసేపు చూసింది, పక్కకు ఒదిగి వెళ్ళిపోయింది. దాని వెనకది, ఆ వెనకది కూడా అంతే.

“సరే, ఉండనీయమ్మా ఆయన్ని,” అన్నాడు ఫోర్‌మన్.

చాలాసేపటికి అన్నయ్య ఈ లోకంలోకి వచ్చి, చెల్లెలి దగ్గరికి నడిచాడు.

“ఏమే, బండ్లు ఇవాళేనని ఊదరగొట్టావు! ఇందాకట్నుంచీ అక్కడే నిలబడ్డాను, ఒక్కటీ రాలేదే?”

“వస్తాయిలే అన్నయ్యా,” అంది.