రెండు నిలువులే కదా అన్నారు

వచ్చే సోమవారం భూపాలపల్లిలో కడుతున్న బిల్డింగు దగ్గర మా యాడి, అంటే మా అమ్మ, పరంజా మీద నాలుగు నిలువుల ఎత్తు ఎక్కాలి. పోయిన నెల అదే పరంజా మీది నుంచి బాపు పడ్డాడు. తుంటి విరిగి మహబూబాబాద్ దవాఖానలో ఉన్నాడు. సోమవారం దాటాక రాసి లాభం లేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా తండాలో ఎత్తును మనిషి నిలువుతో కొలుస్తాం. బాపు పడింది రెండు నిలువులు. చూడడానికి వచ్చినవాళ్లంతా "గంతేనా" అన్నారు. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. జనగామలో డిగ్రీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఆ మాటకు జవాబు చెప్పాలనే యాడి పని దగ్గరికి బయల్దేరాను.

పొద్దున ఏడింటికి జనగామలో హనుమకొండ బస్సెక్కి, అక్కడ భూపాలపల్లి బస్సు మారాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు జీరో టికెట్. దారంతా కలిపి మూడు గంటల పైనే. డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని ఫోన్‌లో బస్సు వేగం చూస్తున్నాను.

"ఏంది బిడ్డా, నా మీద కంప్లైంట్ ఇస్తవా?" అన్నాడు డ్రైవర్.

రేగొండ దగ్గర బర్రెలు అడ్డమొచ్చి బస్సు ముప్పైకి దిగింది. "అన్నా, మా బాపు గీ స్పీడుతోనే నేలకు తగిలిండు" అన్నాను.

"ఎంత ఎత్తు మీదినుంచి?"

"రెండు నిలువులు."

"గంతే..." అని ఆగి, మళ్లీ ఫోన్ దిక్కు చూశాడు.

ఎత్తు నాలుగో వంతుకు తగ్గినా వేగం సగమే తగ్గుతుంది. అర నిలువు నుంచి పడినా గంటకు పదిహేను కిలోమీటర్లు. రెండు నిలువులకు ముప్పై, నాలుగింటికి నలభై దాటుతుంది. బస్సు ఆగడానికి రోడ్డు ఉంటుంది, బాపుకు జానెడు కూడా లేదు.

చెల్పూర్ దాటి భూపాలపల్లిలో దిగి, యాడి వాళ్లు సద్ది తింటుంటే పని దగ్గరికి పోయి మేస్త్రీకి ఇదే చెప్పి, నడుముకు కట్టే సేఫ్టీ బెల్టులు అడిగాను.

"రెండు నిలువులు పిల్లలు దూకుతరు బిడ్డా."

"మీరు దూకుతరా?"

"నాకు మోకాళ్ల నొప్పులు." అందరూ నవ్వారు, ఆయన తప్ప. "బెల్టులు కట్టుకుంట కూసుంటే పని నడుస్తదా? తండోళ్లకు ఎక్కుడు కొత్తనా?"

యాడి సద్ది గిన్నె మూత పెట్టింది. "ఎక్కుడు పాతదే సారూ. పడుడే కొత్త. బెల్టు వచ్చేదాక కింద పనే జేస్తం."

మిగతా ఆడవాళ్లూ ఆమె పక్కకే జరిగారు. ఆయన "చూద్దాం" అని బండెక్కాడు.

తిరుగు బస్సులో ఆలోచించాను. ఇన్నాళ్లూ ఈ లెక్కలు మార్కుల కోసమే చేశాను. పడేది మా వాళ్లయితే, ఎంత ఎత్తు చిన్నదో ఇంకొకరు చెప్పడమేంటి? మీ ఇంటివాళ్లూ ఎత్తు మీద పని చేస్తుంటే మీరూ పోయి అడగండి. అన్నం వేళకు పోండి. అప్పుడు అందరూ కిందే ఉంటారు, ఒకరి మాట ఒకరు వింటారు.

మేస్త్రీ గారూ, ఇది మీ ఫోన్‌కూ పంపుతున్నాను. బెల్టులు, పరంజా అంచున పడకుండా కట్టే అడ్డ కర్రలు ఎప్పుడు వస్తాయో శనివారం, ఇరవయ్యో తారీఖు లోపు రాసి చెప్పండి. "చూద్దాం" అంటే జవాబు కాదు.