శాలిని తేలిక చేసిన రిసీవర్

శాలిని ఎంటెక్ పూర్తి చేసి, రామగుండంలో గనులకు పరికరాలు తయారుచేసే చిన్న ప్రైవేటు కంపెనీలో చేరింది. తండ్రి యోనా గోదావరిఖనిలో కాంట్రాక్టు కూలీ. ఇరవై ఏళ్లుగా గనిలోకి దిగి, పైకప్పుకు ఆనించే దుంగలు మోసేవాడు.

గనిలో ఏ మనిషి ఎక్కడున్నాడో జానెడు తేడాతో చెప్పే అల్ట్రా వైడ్‌బ్యాండ్ పరికరం కంపెనీ చేస్తోంది. కార్మికుడి టోపీకి తగిలించిన బిళ్ల చిన్న తరంగం పంపుతుంది, రిసీవర్ అందుకుంటుంది. కానీ భూమి లోపల ఆ తరంగం గోడగోడకూ తగిలి వంద ముక్కలై వస్తుంది. ముక్కముక్కనూ ఏరుకునే రిసీవర్‌కు ఖరీదెక్కువ, బ్యాటరీ షిఫ్టు సగంలోనే అయిపోయేది.

ఏడాదిన్నర తంటాలు పడి శాలిని దారి కనుక్కుంది. వెంటవెంటనే రెండు తరంగాలు పంపితే, రెండూ అవే గోడలకు తగిలి ఒకేలా చెదురుతాయి. మొదటిదాన్ని క్షణం ఆపి రెండోదానితో పోల్చుకుంటే చాలు, గోడల లెక్క రిసీవర్‌కు అక్కర్లేదు. సగం చిప్పులు తీసేసింది. కప్పు కూలినప్పుడు మనిషిని వెతకడానికి పనికొస్తుందని సంబరపడింది.

మేనేజరు వేణుమాధవ్ దాన్ని యోనా పనిచేసే కూలీల కాంట్రాక్టరుకు అమ్మాడు. ఎవడు ఎంతసేపు కూర్చుంటున్నాడో చూసుకోవడానికి.

నెల తిరక్కుండా ఎక్కువసేపు కూర్చుంటున్నారని ఐదుగురి పేర్లు బయటికొచ్చాయి. అందులో యోనా ఒకడు. నిరుడు దుంగ పడి మోకాలు చెడినా ఎవరికీ చెప్పలేదతను. రోజూ మూలమలుపు దగ్గర నలభై నిమిషాలు కూర్చుంటున్నాడు. విచారణలో మాత్రం తాను కూర్చోలేదని, మిషనే తప్పు చూపుతోందని వాదించాడు. మిషన్ సరైనదేనని రాసిమ్మని కాంట్రాక్టరు కంపెనీని అడిగాడు.

వేణుమాధవ్ ఆ కాగితం శాలిని ముందు పెట్టాడు.

"మీ బాపు అని తెలుసు. మిషన్ తప్పని రాస్తే రాయి. ఇగ నీ రిసీవర్ చెత్తబుట్టలకే."

ఎక్కడైనా పొరపాటు దొరక్కపోతుందా అని ఆమె మూడుసార్లు లెక్కలు తిరగేసింది. దొరకలేదు. సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి తండ్రికి తనే చెప్పింది.

"కూసున్నది నిజమే బిడ్డా. గానీ సంతకం పెట్టెతందుకు ఇంకెవ్వలు దొర్కలేదా?"

యోనాను పనిలోంచి తీసేశారు. ఆనాటి నుంచి బిడ్డతో మాటలు బంద్. ఏమన్నా చెప్పాలంటే భార్య సుగుణమణితో చెప్పించేవాడు.

మూడు నెలలకు వేణుమాధవ్ శాలినిని పిలిచాడు. నువ్వు చేసింది ఎంత తేలికంటే, డిప్లొమా పిల్లలే బిగించేస్తున్నారన్నాడు. ఇంక ఆమెకు పని లేదన్నాడు.

ఆ సాయంత్రం తల్లికి చెబుతూ శాలిని ఏడ్చింది. పక్కన అన్నం తింటున్న యోనా చెయ్యి ఆపి విన్నాడు. తర్వాత నవ్వాడు. మూడు నెలల్లో అతను నవ్వడం అదే మొదలు.

"దీన్ని గూడ తీసేసిండ్రా?" అని భార్యనడిగి, ఇంకింత అన్నం పెట్టించుకున్నాడు.