సులై ఫ్రీజర్ లారీలో తెలుగు రెగ్గే

"తెలుగులో రెగ్గేనా!" అని మా ఆఫీసులో ఒకాయన పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రెండేళ్లుగా సౌదీలోని హాయిల్‌లో ఒంటరిగా వండుకుంటూ నేను వింటున్నవి జమైకా తాళంలో సాగే ఆ పాటలే. పాడేదీ, సంగీతం కూర్చేదీ, రికార్డు చేసేదీ ఒక్కరే: రియాద్‌లోని సులైలో ఫ్రీజర్ లారీలు బాగుచేసే రాజేశం. ఫోన్ చేస్తే, "శుక్రారం రా తమ్మీ, ఆ దినమే ఒక పాట సంగతి తేల్చాలె" అన్నారు. వెళ్లి చూసొచ్చి ఆ నవ్వినాయనకు చెబుదామని బయల్దేరాను.

పొద్దున రైలెక్కితే మూడున్నర గంటల్లో రియాద్. టికెట్ నూట ఇరవై రియాళ్ల దాకా అయింది. స్టేషన్ ఊరికి ఒక కొసన, సులై మరో కొసన, టాక్సీకి డెబ్బై. "శుక్రవారం సులైలో గ్రీజు తప్ప ఏముంది భాయ్?" అని పెషావర్ డ్రైవర్ ఉర్దూలో అడిగాడు. పాటలున్నాయన్నాను. నమ్మలేదు.

రాజేశం జగిత్యాల వైపు మనిషి, యాభైకి దగ్గరపడ్డారు. చిన్నప్పుడు డప్పు కొట్టేవారట. ఇక్కడికొచ్చిన కొత్తలో, కార్మికుల క్యాంపులో పక్క మంచం ఉగాండా డ్రైవర్ దగ్గర రెగ్గే విన్నారు. "అందరు కొట్టే కాడ ఆగాలె, అందరు ఆగే కాడ కొట్టాలె. గది మస్తు నచ్చింది" అన్నారు. డ్యూటీ అయ్యాక పాత లాప్‌టాప్ మీద మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నారు. ఇప్పుడు క్యాంపులోని వెల్డర్లతో, క్లీనర్లతో కూడా పాడిస్తున్నారు.

ఆయన స్టూడియో, మరమ్మతుకొచ్చిన ఫ్రీజర్ లారీ పెట్టె. గోడల్లో మందపాటి ఫోమ్ ఉంటుంది కాబట్టి బయటి చప్పుడు లోపలికి రాదు. చల్లబరిచే మోటారు ఆపి తలుపు మూస్తే ఒక్క పాటసేపే ఉండగలం, ఆ తర్వాత ఉడికిపోతాం. "నిన్న చేపలు, ఇయ్యాల మనం" అని నవ్వారు.

అసలు సంగతి అప్పుడు చెప్పారు. హైదరాబాదులో ఒక ఆడియో కంపెనీ ఆయన పాట విడుదల చేస్తానంది. కానీ ఈయన గొంతు మోటుగా ఉందట, సినిమా గాయకుడితో పాడిస్తారట. సాయంత్రంలోగా ఒప్పుకోవాలి. పదిహేనేళ్లలో వచ్చిన మొదటి పిలుపు అది.

"వద్దంటే మళ్లీ అడుగుతారా అన్నా?"

"అడగకపోవచ్చు. భయమైతుంది తమ్మీ. గానీ, దుమ్మూ గ్యాసూ మింగిన గొంతు ఇది. వాళ్లకు పాట కావాలె, నా గొంతు వద్దంటే ఎట్ల?"

ఆ పాట తన గొంతుతోనే పాడి పంపుదామని ఆయన లారీ పెట్టెలోకి వెళ్తే, నేను తలుపు దగ్గర కాపలా నిలబడ్డాను. మొదటిసారి చెమటతో తడిసి బయటికొచ్చి, విని, చెరిపేశారు. "బతిమాలినట్టుంది" అన్నారు. నీళ్లు తాగి మళ్లీ లోపలికెళ్లారు. ఈసారి పాడింది కంపెనీకి పంపి, ఫోనులో చెప్పారు: "గొంతు నాదే ఉంటది సారూ. గట్లైతేనే పాట మీది."

పది నిమిషాల్లో జవాబొచ్చింది: వద్దు. పైకే చదివారు. వెంటనే ఆ పాటను తన చానల్లో పెట్టేశారు.

తిరుగు రైల్లో నాకు సిగ్గేసింది. ఇంటర్వ్యూల్లో, ఫోన్లలో నా యాస దాచుకునే మాట్లాడుతూ వచ్చాను. ఎవరూ అడక్కుండానే నా గొంతు నేనే తీసేసుకున్నాను. ఇక దాచను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు వేళ హోటళ్లు మూసేస్తారు, ఒంటిగంట దాటాక చేరండి. మీ చేతా పాడిస్తారు. సినిమా గొంతు పెట్టారో, చెరిపేసి మళ్లీ మొదటినుంచి పాడమంటారు.