జీవమ్మ గొంతు లేని పెట్టె

కోడుమూరులో దావీదురాజు ఇంట్లో, టీవీ కింద, టిఫిన్ డబ్బా అంత కంప్యూటర్ ఒకటి రేయింబవళ్లు పనిచేస్తూ ఉంటుంది. ముప్పై ఏళ్ల చర్చి పాటలు, ప్రసంగాలు, పెళ్లిళ్లు అందులో ఉన్నాయి. ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా, టీవీలోనైనా వేసుకుని వినొచ్చు. ఒక్క గొంతు మాత్రం అందులో లేదు. అది ఆయన భార్య జీవమ్మది. ఆమె పోయి ఐదు నెలలైంది. ఆ గొంతును అందులో లేకుండా చేసిందీ ఆయనే.

దావీదురాజుది మైకుసెట్ పని. చుట్టుపక్కల ఏ ఊళ్లో ప్రార్థన కూడికలు జరిగినా సౌండు బాక్సులు ఆయనవే. బాక్సులు కట్టి ఊరుకునే రకం కాదు, ప్రతి కూడికనూ రికార్డు చేసేవాడు. మొదట క్యాసెట్లు, తర్వాత వీడియో టేపులు. అన్నీ కొట్టంలో పేరుకుపోయాయి. నిరుడు ఎండలకు కొన్ని అతుక్కుపోయి పాడయ్యేసరికి, మిగిలినవైనా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంట్లో పెట్టుకోవాలనుకున్నాడు.

అక్కడ మొదలైంది ఏ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ కొనాలన్న గోల. పిసినారి అంటే కోపం వస్తుంది గానీ, జాగ్రత్తపరుడు అంటే మురిసిపోయే మనిషి. కర్నూలులో కంప్యూటర్లు బాగుచేసే తౌసిఫ్ అంగడికి కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఆఫీసులో వాడి తీసేసిన పెద్ద డబ్బా చవగ్గానే వస్తుంది. కానీ అది కరెంటు తాగుతుంది. కరెంటు పోయిందంటే ఇన్వర్టర్‌ను కాసేపట్లో ఖాళీ చేస్తుంది.

“రాజన్నా, నీకేమన్నా గేములాడేది కావాల్నా? ఈ చిన్న డబ్బాలోని ఆరు వాట్ల ప్రాసెసర్ సాలు. వీడియోను ఫోనుకు తగ్గట్టు మార్చేది గూడా దీంట్లోనే ఉండాది. ఫ్యాను లేదు, సప్పుడు రాదు,” అన్నాడు తౌసిఫ్.

“నువ్వు చెప్తే సరిపోతాదా? నేను కొలుచుకోవాల,” అన్నాడు దావీదురాజు.

రెండింటినీ రెండు రోజులకని ఇంటికి తెచ్చాడు. ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు అన్నీ ఆపేసి, కరెంటు మీటరులో ఎర్రలైటు ఎంతసేపటికి మినుక్కుమంటుందో చూడటం ఆయన పద్ధతి. లైటు ఎంత నిదానంగా వెలిగితే అంత తక్కువ కరెంటు. గడియారం పట్టుకుని కూర్చునే పని జీవమ్మది. పెద్ద డబ్బాకు అరనిమిషానికోసారి వెలిగింది. చిన్నదానికి రెండు నిమిషాలు దాటినా వెలగలేదు.

“ఏమప్పా, మీటరు గాని సచ్చిపోయిందేమో సూడు,” అంది జీవమ్మ చెమట తుడుచుకుంటూ. ఆయన నవ్వలేదు. లెక్క తప్పుతుంది, నోరు మూసుకోమన్నాడు.

చిన్నదే కొన్నాడు. ఆ ఎంపికలో ఇప్పటికీ ఎవరూ వంక పెట్టలేరు. ఉన్న డబ్బంతా దానికే అయిపోవడంతో డిస్కు మాత్రం పాతదే పెట్టాడు. అందులో వీడియోలన్నీ పట్టలేదు. అప్పుడు దావీదురాజు బతుకంతా చేసిన పనే మళ్లీ చేశాడు. మైకుసెట్ వాళ్లకు పాట, ప్రార్థన, ప్రసంగం తప్ప తక్కిన శబ్దమంతా చెత్త. దగ్గులు, కుర్చీలు జరిపిన చప్పుళ్లు, పక్కవాళ్ల మాటలు. ఆ మాటల్లో సగం జీవమ్మవే. ఆయన పక్కన కూర్చుని టేపులు అందిస్తూ ఊరికే ఉండేది కాదు. “కూడు తిన్యావా?” “ఆ పిల్ల ఎవురప్పా, భలే పాడతాండాది.” ఇవన్నీ రికార్డులో పడ్డాయని ముప్పై ఏళ్లు ఆమెను తిట్టాడు. ఇప్పుడు తెర ముందు కూర్చుని ఒక్కొక్కటిగా కోసేశాడు.

“ఉండనీలేప్పా, నా మాటలు నిన్నేమన్నా కూడు అడుగుతాయా?” అంది ఆమె వెనక నుంచి.

“పాట వినేటోళ్లకు నీ సొద దేనికే?”

అంతా ఎక్కించాక టేపులన్నీ పాత సామాన్ల బండికి వేసేశాడు. కొట్టం శుభ్రమైందని సంతోషపడ్డాడు కూడా.

మూడు వారాలకు, ఆదివారం చర్చికి బయల్దేరుతూ జీవమ్మ గడప దగ్గర కూలబడింది. కర్నూలు చేరేసరికే ప్రాణం పోయింది.

కూతురు నిస్సీ కడపలో నర్సు. తల్లి జ్ఞాపకార్థ కూడిక అయ్యాక తండ్రి దగ్గర కూర్చుంది. “నాయనా, అమ్మ మాట ఒక్కటి వినిపీ. నా ఫోన్లో అన్నీ ఫోటోలే. వీడియో తీస్తే సిగ్గుపడి నోరు మూసుకునేది. నీ దాంట్లో ఉంటాది గదా.”

దావీదురాజు వెంటనే పెట్టె ముందు కూర్చున్నాడు. ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుందని వెతికాడు. నిస్సీ కడపకు వెళ్లిపోయాక కూడా రోజూ వెతికాడు. కోసేసిన ముక్కలు తిరిగి వస్తాయేమోనని తౌసిఫ్‌ను అడిగితే, వాటిమీద వేరేవి ఎక్కిపోయాయన్నాడు. వెతికినచోటల్లా తన పనితనమే కనిపించింది. పాట అయిపోగానే ఇంకో పాట, మధ్యలో అతుకైనా తెలియదు. ఆ చేతులు పడిపోయినా బాగుండేదని గుక్కపట్టి ఏడ్చాడు.

పోయిన నెల నిస్సీ సెలవు మీద వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక దావీదురాజు ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టి, బనగానపల్లె కూడికల వీడియో పెట్టాడు. పాస్టరు ప్రార్థన ముగించాడు. జనమంతా ఒక్కసారిగా ఆమెన్ అన్నారు.

“ఈడ ఉండాది మీ యమ్మ,” అన్నాడు.

నిస్సీ టీవీ దగ్గరికి జరిగింది. “ఏది నాయనా? ఏ గొంతు?”

ఆయన మళ్లీ వేశాడు. రెండు వందల మంది అన్న ఒక్క మాట. మళ్లీ వేశాడు. నిస్సీ కళ్లు మూసుకుని వింది. ఎన్నిసార్లు వేశాడో ఆయనకే తెలియదు.

“నాకూ తెలీడంల్యామ్మా,” అన్నాడు చివరికి. “ఊరికే మాట్లాడతాండాదని ఆ పొద్దు నేనే తిట్టి, దూరంగా ఆడోళ్లలో కూసోమని పంపిస్తి. ఆమెన్ అనే ఉంటాది.”