ఎత్తుకోని చేతులు

విడవలూరు కొట్లోని సబ్బులన్నీ మా మామ ఒక్కడే అరగదీసేవాడు. ఆయన చేతులు కడిగిన పూట సముద్రంలో నురుగు రెట్టింపయ్యేదని నేను ఒట్టేసి చెప్పేవాడిని. చేపల వేట మాని, అణువిద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు కూలీగా చేసి వచ్చినప్పటి నుంచీ ఆయనకు అదే పని.

"మనవరాలిని ఒక్కసారి ఎత్తుకో మామా," అన్నాను.

"వొద్దురా అబ్బయ్యా. ఆడ చేతులకి మిషను పెట్టి చూసి, మళ్ళా మళ్ళా కడిగించినారు. ఏముందయ్యా అంటే ఒక్కడూ చెప్పలా. అది పోయిందో లేదో ఎట్టా తెలిసేది?"

ఇంతలో పాప పాకుతూ వచ్చి ఆయన ఒళ్ళోకి ఎక్కేసింది. మామ పోలీసులకు దొరికిన దొంగలా రెండు చేతులూ పైకెత్తాడు. ఆటనుకుని పాప కూడా చేతులెత్తి కిలకిలా నవ్వింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికైనా మామ చేతులు దించలేదు.